అప్పాయమ్మ నేర చరిత్ర

మా జిల్లాలో ఎవరి నేర చరిత్రనైనా కనుక్కోవడం మంచినీళ్ళు తాగినంత సులువు. జిల్లా పోలీసు ఆఫీసు ఆవరణలో సైకిళ్ళ షెడ్డు పక్కన నీలం రంగు కౌంటరు ఒకటుంది. దాని నెత్తిన ‘నేర చరిత్ర తెలుసుకోవడం మీ హక్కు’ అని బ్యానరు కట్టారు. మీరు వెళ్ళి కిటికీలోకి తల దూర్చి నేరం నంబరు చెబితే చాలు, లోపలి కంప్యూటరు చరిత్రంతా కక్కేస్తుంది. నంబరు లేకపోతే మాత్రం కాస్త కష్టం. ఆ కాస్త కష్టం గురించే నేను చెప్పబోయేది.

నేను ఆ ఆవరణ గోడకి ఆనించిన రేకుల పందిట్లో కూర్చుని అర్జీలు రాస్తాను. నా పేరు పతివాడ రామ్మూర్తి. ఆ పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు, అందరూ రాతపంతులు అంటారు. చదివే అధికారికి విసుగు పుట్టేలోపు కాళ్ళు పట్టేసుకోవాలన్నది అర్జీల్లో నా సూత్రం. ఇన్నాళ్ళుగా ఆ సూత్రమే నాకు అన్నం పెడుతోంది.

సంగతి ఎలా మొదలైందంటే, ఎక్కడో ఏదో బడిలో ఏదో జరిగిందట. దాంతో పిల్లల దగ్గర పనిచేసే ప్రతివాళ్ళూ నేర చరిత్ర ధ్రువపత్రం తేవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మంచి ఉత్తర్వే. కానీ ఉత్తర్వులు పైనుంచి కిందికి దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ బలుస్తాయి. మా జిల్లాకి చేరేసరికి రైతుబజారులో వంకాయలు అమ్మేవాళ్ళకీ, గేదెల లోను అడిగేవాళ్ళకీ, గ్రంథాలయంలో చేరేవాళ్ళకీ కూడా ఆ పత్రం తప్పనిసరి అయింది. శ్మశానంలో కాటికాపరి కూడా తేవాలన్నారు. అతని దగ్గరికి వచ్చేవాళ్ళకి అక్కర్లేదన్నారు, అదొక్కటే ఊరట.

ఈ పని చూడటానికి విఠలేశ్వర్ గారని ఒక ప్రత్యేకాధికారిని వేశారు. ఆయన ఉత్సాహం ఉన్న మనిషి. మంచినీళ్ళు అడగాలన్నా ‘దాహనివృత్తి నిమిత్తం’ అని మొదలుపెడతారు. కౌంటరులో హెడ్ కానిస్టేబుల్ తాతారావుని కూర్చోబెట్టారు. తాతారావు మంచివాడే. వేళకి తిండి పడితే ఇంకా మంచివాడు.

ఒక రోజు పొద్దున్నే కోరాడ అప్పాయమ్మ నా పందిట్లోకి వచ్చింది. ఈమె గెడ్డవలస బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. గట్టి మనిషి. చీర కుచ్చెళ్ళకి ఇంకా పొయ్యి బూడిద అంటుకునే ఉంది.

“పంతులు బావూ, నాను మంచిదాన్నని కాయితం కావాలట,” అంది.

“ఎవరికి కావాలి?”

“బడికి. నెలాకరికి ఇనస్పెట్రు బావు వత్తాడట. అప్పటికి కాయితం సూపించకపోతే పొయ్యి వేరేవోల్లకి ఇచ్చేత్తారట.”

వేరేవోళ్ళంటే ఎవరో నాకు తెలుసు. బడి కమిటీ చైర్మన్ గారి బావమరిది. అతను పట్నంలో పెద్ద వంటశాల పెట్టి, తెల్లారకుండా వండిన అన్నాన్ని మధ్యాహ్నానికి వ్యానుల్లో బడులకి తిప్పుతున్నాడు. ఆ అన్నం ముద్ద చేసి గోడకి కొడితే పిడకలా అతుక్కుంటుందని పిల్లలు కొట్టి మరీ చూపించారు.

“పొయ్యి పోతే నీకెలా?” అన్నాను.

“నాకేటి బావూ, రెక్కలున్నాయి, ఏ కలుపుకో ఎల్తాను. బడి గుంటలకి ఎలాగన్నదే నా ఏడుపు. ఆ యాను కూడు తింతారేటి ఆల్లు? పారబోసీసి కాలీ కడుపుతో కూకుంతారు.”

సరే పద అని నేనే కౌంటరుకి తీసుకెళ్ళాను.

“నేరం నంబరు సెప్పు,” అన్నాడు తాతారావు, తలెత్తకుండా.

“నాను నేరమేటీ సెయ్యలేదు బావూ.”

తాతారావు తలెత్తాడు. “మరి దేన్ని ఎతకమంతావు? బియ్యంలో రాయి లేపోతే ఏటి ఏరతావు నువ్వు?”

నేను కల్పించుకుని, పేరుతో వెతకవయ్యా అన్నాను. వెతికాడు. ‘వివరములు లభ్యం కాలేదు’ అని తెర మీద ఎర్రగా పడింది.

“అదే రాసియ్యి బావూ,” అంది అప్పాయమ్మ, సంతోషంగా.

“రాసీడానికి ఫారంలో గడి లేదమ్మా. ముద్ర ఎయ్యాలంటే నేరం నంబరు కింద ఎయ్యాల. నంబరు లేపోతే గాల్లో ఎయ్యమంతావా?”

పక్కనే వరసలో నిలబడ్డ మజ్జి గురువులు నవ్వాడు. గురువులు గురించి ఒక మాట చెప్పాలి. స్టేషనుకి నెలనెలా ఇన్ని చిల్లర కేసులు చూపించాలని లెక్క ఉంటుంది. ఊళ్ళో జనం బుద్ధిగా ఉన్న నెలలో ఆ లెక్క తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా తాతారావు గురువులుకి కబురు పెడతాడు. గురువులు చొక్కా మార్చుకుని వచ్చి, రోడ్డుకి అడ్డంగా నిలబడ్డానని ఒప్పుకుంటాడు. జరిమానా స్టేషను వాళ్ళే కడతారు, పైన ఒక బిర్యానీ పొట్లం పెడతారు. ఇలా పాతికేళ్ళుగా చెయ్యని నేరం లేదు, చేసిన నేరమూ లేదు. అతని చేత చీమకి కూడా హాని జరగలేదు.

ఆ గురువులు ఠకీమని నంబరు చెప్పాడు. కంప్యూటరు గడగడా పని మొదలుపెట్టింది. కాసేపటికి రంగుల ముద్రతో దస్తా మందాన ధ్రువపత్రం బయటికి వచ్చింది. చివరి పేజీలో ‘ఇతని చరిత్ర సంపూర్ణముగా పరిశీలించబడినది’ అని ఉంది. ఉత్తర్వులో అడిగింది నేర చరిత్ర ధ్రువపత్రమే కదా. చరిత్ర శుభ్రంగా ఉండాలని అందులో ఎక్కడా రాయలేదు.

“నీకేటి మామా, నీ దగ్గర అన్నీ ఉన్నాయి,” అన్నాడు తాతారావు, మెచ్చుకోలుగా.

అప్పాయమ్మకి కోపం వచ్చింది. నాకూ వచ్చింది, కానీ నాది ఫీజు పుచ్చుకున్న కోపం. ఇద్దరం కలిసి విఠలేశ్వర్ గారి గదిలోకి వెళ్ళాం. ఆయన మమ్మల్ని కూర్చోమనలేదు గాని, విషయాన్ని మాత్రం కూలంకషంగా వివరించారు.

“చూడండి. లభ్యం కాకపోవుట వేరు, లేకపోవుట వేరు. శాఖ దృష్టిలో పౌరులు మూడు రకాలు. నేరము రుజువైన వారు, నేరము మోపబడి రుజువు కాని వారు, నేరము ఇంకనూ వెలుగులోకి రాని వారు. ఈవిడ మూడవ రకము.”

“మరి ఏ నేరమూ చెయ్యనివాళ్ళు?” అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. “అట్టి వర్గీకరణ మా వద్ద లేదు. మొదటి రెండు రకముల వారి పూర్వాపరములు మాకు క్షుణ్ణముగా తెలియును. ఈ మూడవ రకముతోనే మాకు నిద్ర లేదు. వీరు ఎప్పుడు ఏమి చేసినారో, చేయనున్నారో ఒక్క ముక్క సమాచారము లేదు. అట్టి వ్యక్తికి పసిపిల్లల అన్నము అప్పగించమందురా?”

అప్పాయమ్మ ఇంటికెళ్ళి కంటిమీద కునుకు లేకుండా పడుకుందట. తను మూడో రకమని ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేదు.

*

అక్కడితో ఆగితే ఇది అప్పాయమ్మ ఒక్కదాని గోడు. కానీ మరుసటి వారం రాజధాని నుంచి కంప్యూటరు తెర మీద సమీక్షా సమావేశం జరిగింది. మీ జిల్లాలో మూడో రకం వాళ్ళు ఎంతమంది అని పెద్దాయనెవరో అడిగారు. విఠలేశ్వర్ గారు జనాభా లెక్క తీసి, అందులోంచి మొదటి రెండు రకాలనీ తీసేసి, మిగిలింది చెప్పారు. మిగిలింది జిల్లా అంతా.

“అంటే మీ జిల్లాలో ఇంత భారీ సంఖ్యలో నేరాలు వెలుగులోకి రాకుండా పెండింగులో ఉన్నాయా?” అన్నారట పెద్దాయన. పక్క జిల్లా ఇంతకంటే నయమని కూడా అన్నారట. పక్క జిల్లా మాట ఎత్తితే మా జిల్లా అధికారులు దేనికైనా తెగిస్తారు.

ఫలితంగా మున్సిపల్ మైదానంలో షామియానాలు లేచాయి. ‘స్వచ్ఛంద నేరాంగీకార మహా మేళా’ అని ఆటోల్లో మైకులు పెట్టి ఊరంతా తిప్పారు. పద్ధతి బహు సులభం. మొదటి బల్ల దగ్గర మీకు నచ్చిన చిన్న నేరం ఒకటి ఒప్పుకోవాలి. రెండో బల్ల దగ్గర దానికి నంబరు ఇస్తారు. మూడో బల్ల దగ్గర సాక్ష్యం ఉందా అని అడుగుతారు. చెయ్యని నేరానికి సాక్ష్యం ఎక్కడ ఏడుస్తుంది కనుక, కేసు కొట్టేస్తారు. నాలుగో బల్ల దగ్గర ‘రుజువు కాలేదు’ అని ధ్రువపత్రం చేతికిస్తారు. ఐదో బల్ల దగ్గర మజ్జిగ.

ఆ రోజుల్లో నాకు చేతినిండా పని. నేరాంగీకార పత్రాలు రాసీ రాసీ నా వేళ్ళు బొబ్బలెక్కాయి. జనం కూడా అంతే శ్రద్ధగా వచ్చారు. ఊరికే వచ్చేదాన్ని మనవాళ్ళు ఎప్పుడు వదిలారు గనక. డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే లెక్చరర్ గారు వచ్చి, పేకాట, గోడపక్క మూత్రం లాంటివి తన హోదాకి తగవనీ, కాస్త మేధావులు చేసే నేరం ఉంటే రాయమనీ అడిగారు. బాగా ఆలోచించి, అర్ధరాత్రి బిగ్గరగా ఉపన్యసించి ఇరుగుపొరుగుకి నిద్రాభంగం కలిగించానని రాశాను. ఆయన చదువుకుని, ఇది మరీ నిజంలా ఉందని అభ్యంతరపడ్డారు. చివరికి ఆయన కూడా గోడపక్కకే వెళ్ళారు.

గోడపక్క నేరానికి గిరాకీ ఎక్కువ. రికార్డు ప్రకారం ఆ వారం మా ఊళ్ళో పోసినదానికి రెండు చెరువులు అలుగు పారాలి. పేకాట కేసులకి స్టేషనులో ఉన్న ఒక్క దస్తానే అందరికీ చూపించారు. అందులో ఇస్పేటు రాణి లేదు. వేల మంది అదే దస్తాతో, రాణి లేకుండానే ఆడినట్టు ఒప్పుకున్నారు.

పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా దారికొచ్చారు. కుర్రాడి జీతం ఎంత అన్న తర్వాత కేసు నంబరు ఎంత అని అడగడం మొదలైంది. నంబరు లేదంటే ఆడపిల్లవాళ్ళు మొహమొహాలు చూసుకుని, ఇంతవరకూ దేనికీ బయటపడలేదంటే లోతైన మనిషేమోనని కాఫీ సగంలో వదిలేసి లేచేవారు. గురువులు మేళాకి గౌరవ సలహాదారు అయ్యాడు. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, నేరం ఎలా ఒప్పుకోవాలో, ఒప్పుకునేటప్పుడు తల ఎంత వంచాలో జనానికి నేర్పేవాడు.

అప్పాయమ్మ మాత్రం రాలేదు. నెలాఖరు దగ్గర పడుతోంది. ఉండబట్టలేక నేనే గురువుల్ని వెంటబెట్టుకుని గెడ్డవలస వెళ్ళాను. ఆమె బడి వెనక వంటపాకలో ఎసరు చూస్తోంది.

“వచ్చి ఒక్క గోడపక్క కేసు ఒప్పుకుంటే పోయేదానికి ఎందుకిలా మొండికేస్తావు?” అన్నాను.

“సీ, పాడు. ఆడదాన్ని, నాను గోడపక్కకి ఎల్లినానని ఏలిముద్ర ఎయ్యాల్నా?”

“పోనీ పేకాట.”

“నాకు ముక్కలే తెలవవు.”

గురువులు అనుభవజ్ఞుడిలా గొంతు సవరించుకున్నాడు. “ఓలప్పా, నేరమంతే ఏటనుకున్నావు? ఒట్టి ఏలిముద్ర. నాను పాతికేల్లుగా ఏస్తన్నాను, ఏలు అరిగిందేటి? సూడు.”

“నువ్వు ఏసుకో గురువులూ. సేసిందైతే సెప్తాను. సెయ్యంది సేసినానని సెప్పను. రేపు ఆ గుంటలే కాయితం సదివి, అప్పా నువ్విలాటిదానివా అని అడిగితే నానేటి సెప్పాల?”

నాకు ఒళ్ళు మండింది. జిల్లా జిల్లా అంతా ఒప్పుకుంటుంటే ఈమెకి ఒక్కదానికే నిజం కావలసొచ్చింది. “అయితే నిజంగా చేసిందే చెప్పు. ఇంత వయసొచ్చింది, ఒక్క తప్పూ చెయ్యలేదా?”

ఆమె గరిటె పక్కన పెట్టి నిజంగానే ఆలోచించింది. ఎసరు పొంగేదాకా ఆలోచించింది.

“ఒకటున్నాది బావూ. బడికి పిల్లకో గుడ్డు వత్తాది గదా. రోజూ ఎవలో ఒకలు జొరమొచ్చో, కూలికెల్లో బడికి రారు. ఆల్ల గుడ్డు మిగిలిపోద్ది. అక్కలెనకాల, అన్నలెనకాల పసిగుంటలొత్తారు, ఆల్లకింకా బడిలో పేరుండదు. కూకోని అక్క కంచంకేసి సూస్తా ఉంతారు. ఆ మిగిలిన గుడ్డు ఆల్లకి పెట్టీస్తన్నాను. పేరు లేనోల్లకి పెట్టకూడదని హెడ్మాస్ట్రు బావు మొన్న సెప్పినాడు. అయినా పెట్టీస్తన్నాను.”

నా ప్రాణం లేచొచ్చింది. ప్రభుత్వ గుడ్ల దుర్వినియోగం. చక్కటి నేరం, చట్టంలో ఒదిగే నేరం, ఆమె మనసు కూడా ఒప్పుకునే నేరం. అక్కడే పొయ్యిగట్టు మీద కాగితం పరిచి, జీవితంలో ఎన్నడూ రాయనంత బాగా రాశాను. ఆమె వేలిముద్ర వేసింది.

*

నేను తెలివైనవాణ్ణే గాని నా తెలివికి ముందుచూపు లేదు. మేళాకి అప్పాయమ్మ తెచ్చిన ఆ కాగితం మొదటి బల్ల దాటింది, రెండో బల్ల దాటింది. మూడో బల్ల దగ్గర ఆగిపోయింది.

“సాక్ష్యం ఉన్నాదా?” అన్నాడు అక్కడ కూర్చున్న తాతారావు, అప్పటికే కొట్టివేత ముద్ర ఎత్తి పట్టుకుని.

“ఉన్నాది బావూ. తిన్న గుంటలందరూ ఉన్నారు.”

ముద్ర గాల్లోనే ఆగింది. “అయితే, ఇది నిజంగా జరిగిందా?”

“జరిగింది. నిన్న కూడా జరిగింది.”

తాతారావు చెమట తుడుచుకుని, విఠలేశ్వర్ గారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన వచ్చారు. కాగితం చదివి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నారు. “నేరములు ఒప్పుకొనుటకు ఏర్పాటు చేసిన మేళాలోనికి నేరము చేసి వచ్చుటయా? ఎంత సాహసము,” అన్నారు. చుట్టూ ఉన్న వేలాదిమంది గోడపక్క నేరస్థులు కూడా అయ్యో అయ్యో అనుకుంటూ ఆమెకి కాస్త ఎడంగా జరిగారు.

మర్నాడే గెడ్డవలస బడిలో విచారణ అన్నారు. నన్ను పంచనామా సాక్షిగా రమ్మన్నారు. నేను జీపులో వెనక కూర్చుని, ఆమె పొయ్యి నా చేతులారా ఆర్పేశానని లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

మేం వెళ్ళేసరికి భోజనాల వేళ. పిల్లలు వరండాలో వరసగా కూర్చున్నారు. చివర పేరు లేని పసివాళ్ళు అక్కల పక్కన ఒదిగి కూర్చున్నారు. విఠలేశ్వర్ గారు వరండాలో నిలబడి, “నమోదు కాని లబ్ధిదారులు ఎవరో వారు చేతులెత్తవలెను,” అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు. తాతారావు తర్జుమా చేశాడు. “గుడ్డు తిన్నోల్లు సెయ్యెత్తండ్రా.” అందరూ చేతులెత్తారు. పసివాళ్ళు రెండు చేతులూ ఎత్తారు.

విచారణ సాగుతోంది. ఎండ ముదురుతోంది. అప్పాయమ్మకి ఇంటికొచ్చినవాళ్ళ కడుపు చూడటం తప్ప వేరే విద్య రాదు. తన మీద విచారణ జరుగుతోందన్న సంగతి పక్కన పెట్టి, ముగ్గురికీ ఆకులు వేసింది. వేడన్నం, ముద్దపప్పు, చారు, ఆకుకో ఉడికిన గుడ్డు. విఠలేశ్వర్ గారు కాసేపు శాఖాపరంగా ఆకుని చూశారు. తర్వాత మామూలుగా చూశారు. చారు వాసన ఆయన భాషని కూడా కాస్త సడలించింది. గుడ్డు నంజుకుని, పప్పు మారు వేయించుకుని, ఇంకొంచెం చారు పొయ్యమ్మా అన్నారు. అంతా అయ్యాక వేళ్ళు చూసుకుంటూ అడిగారు.

“అవునమ్మా, ఈ గుడ్లు ఎక్కడివి?”

“ఈయాల రానోల్లవి బావూ. జొరాలు గదా, ముగ్గురు రానేదు.”

తాతారావు కలం పంచనామా మీద పరిగెడుతూనే ఉంది. వాడికి చెవిన పడింది రాయడమే అలవాటు, ఎవరి గురించి అన్నది చూసుకోడు. ‘పై గుడ్లలో ఒకటి శ్రీ ప్రత్యేకాధికారి వారు, ఒకటి హెడ్ కానిస్టేబుల్, ఒకటి పంచనామా సాక్షి తినివేసినారు’ అని రాసి గట్టిగా చదివాడు కూడా.

విఠలేశ్వర్ గారు తెల్లబోయారు. ఇంతకాలం జిల్లా మొత్తాన్నీ మూడు రకాలుగా విడగొట్టిన మనిషి ఒక్క గుడ్డుతో మొదటి రకంలో పడబోతున్నారు.

“కొట్టివేయుము,” అన్నారు.

“పంచనామాలో కొట్టివేత పనికిరాదండి. మొన్న మీరే ఉత్తర్వు ఇచ్చినారు,” అన్నాడు తాతారావు.

ఆయన లేచి వరండాలో అటూ ఇటూ నడిచారు. నడిచి నడిచి, ఒక చోట ఆగారు. అధికారి అన్నవాడు నీళ్ళలో పడినా చేతికి ఫైలు తగిలితే తేలతాడు. “రాయుము,” అన్నారు. “సదరు గుడ్డును ప్రత్యేకాధికారి స్వయముగా పరీక్షించగా, అది గుడ్డేనని, ఉడికినదని, నేరారోపణలో పేర్కొన్న రకమునకు చెందినదని నిర్ధారణ అయినది. పరీక్షలో వస్తువు ఖర్చు అయినది. నేరము నిస్సందేహముగా రుజువైనది.”

“మరి మావి?” అన్నాడు తాతారావు.

“అవి పునఃపరీక్షలు.”

అలా అప్పాయమ్మ కేసు రుజువైంది. మందలించి విడిచిపెట్టారు. మందలించడం కూడా ఆయనే చేశారు, త్రేనుస్తూ. కేసు రుజువైంది కనక రెండో బల్ల ఇచ్చిన నంబరు ఖాయమైంది. నంబరు ఖాయమైంది కనక మర్నాడు కౌంటరులో ధ్రువపత్రం కూడా వచ్చింది. ‘ఈమె చరిత్ర సంపూర్ణముగా పరిశీలించబడినది’ అని కింద ముద్ర పడింది. నెలాఖరుకి ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, ముద్ర చూసుకుని, లోపలిది చదవకుండా సంతకం పెట్టి వెళ్ళారు. చైర్మన్ గారి బావమరిది వ్యాను గెడ్డవలస దాకా వచ్చి వెనక్కి తిరిగింది. నాకు మనసారా సంతోషం వేసింది. నేరాంగీకార పత్రానికి ఫీజు కూడా తీసుకోలేదు, ఆ రోజు తిన్న గుడ్డుకి చెల్లనుకున్నాను.

*

తర్వాత రాజధానిలో మళ్ళీ సమావేశం జరిగింది. ఇన్ని వేల నేరాలు వెలుగులోకి తెచ్చారు, బాగుంది, ఎన్ని రుజువయ్యాయి అని అడిగారు పెద్దాయన. విఠలేశ్వర్ గారు ఒకటి అన్నారు. తెర మీద పెద్దాయన మొహం మాడింది. పక్క జిల్లాలో రెండు రుజువయ్యాయట.

ఆ సాయంత్రం అప్పాయమ్మ తనంతట తనే కౌంటరుకి వచ్చింది. “ఈయాల కూడా రెండు గుడ్లు పెట్టీసినాను బావూ. సెప్పకపోతే మల్లీ మూడో రకమైపోతానేమోనని వచ్చినాను,” అంది. తాతారావు నంబరు వేశాడు. విఠలేశ్వర్ గారికి కబురు వెళ్ళింది. ఆయన కళ్ళు మెరిశాయట. ఒప్పుకోలు ఉంది, సాక్షులు ఉన్నారు, వస్తువు ఎప్పుడూ ఖర్చయిపోయే ఉంటుంది. నేరం ఆపమని ఆయన చెప్పలేదు. మందలింపు మాత్రం రోజూ రాసి పంపేవారు.

అప్పటినుంచి అది అలవాటైపోయింది. బడి ముగిశాక ఆటో ఎక్కి వస్తుంది, ఆ రోజు నేరం చెబుతుంది, వెళ్ళిపోతుంది. రుజువైన నేరాల పట్టికలో మా జిల్లా పక్క జిల్లాని దాటేసింది. విఠలేశ్వర్ గారికి శాలువా కప్పారు. గెడ్డవలసలో పసివాళ్ళ బుగ్గలు కాస్త నిండాయి. కౌంటరులో ఇప్పుడు నంబరు లేకుండా అప్పాయమ్మ అని కొట్టినా చాలు, కంప్యూటరు ఆగకుండా కాగితాలు కక్కుతుంది. గురువులు కూడా ఆ కట్ట చూసి, ఇంక తన కాలం అయిపోయిందని ఒప్పుకున్నాడు.

మొన్న ఒక రోజు ఆమె వేళకి రాలేదు. తాతారావు కిటికీలోంచి రెండుసార్లు మెడ చాపి చూశాడు. కౌంటరు మూసే సమయానికి వచ్చింది, మొహం వేలాడేసుకుని.

“ఈయాల నేరం లేదు బావూ,” అంది. “జొరాలు తగ్గీసినాయి. గుంటలందరూ బడికొచ్చీసినారు. ఒక్క గుడ్డూ మిగల్లేదు. పసిగుంటలు కంచాలు పట్టుకోని అలాగే కూకున్నారు. అన్నమే పెట్టినాను.”

తాతారావు కలం కింద పెట్టాడు. నేరం లేదని రాయడానికి గడి ఎలాగూ లేదు. లేచి చెప్పులు వేసుకుని ఎదురు కొట్టుకి వెళ్ళి, కాగితం పొట్లంతో తిరిగొచ్చాడు. పొట్లం విప్పితే గుడ్లు.

“రేపు ఎల్లినాక ఆల్లకి పెట్టు. నేరం ఆగకూడదు. ఒక్క రోజు ఆగితే పక్క జిల్లావోల్లు దాటీస్తారు,” అన్నాడు. అన్నాడు గాని కళ్ళు పక్క జిల్లా గురించి బాధపడుతున్నట్టు లేవు.

అప్పాయమ్మ పొట్లం ముట్టుకోలేదు. “నువ్వు కొన్న గుడ్డు పెడితే అది నేరమెలాగవుద్ది బావూ? అబద్దం సెప్పమంతావేటి? సేసిందే సెప్తాను నాను.”

తాతారావు బుర్ర గోక్కున్నాడు. నాకేసి చూశాడు. అర్జీలు రాసేవాణ్ణి గదా, దారి చూపిస్తానేమోనని. నాకూ తోచలేదు. అప్పుడు వాడు పొట్లాన్ని కౌంటరు బల్ల అంచుకి, ఆమె చేతికి అందేలా జరిపాడు. టోపీ సర్దుకున్నాడు. కుర్చీ మొత్తం గోడ వైపుకి తిప్పుకుని కూర్చున్నాడు.

“ఇయి నాయి,” అన్నాడు గోడతో. “నాను నీకివ్వనేదు. ఇటు సూస్తన్నాను.”

అప్పాయమ్మ కాసేపు వాడి వీపుకేసి చూసింది. తర్వాత కొంగు పరిచి, గుడ్లు ఒక్కొక్కటే మెల్లగా అందులో పెట్టుకుని ముడేసుకుంది.

“రాసుకో బావూ,” అంది. “ఈయాల దొంగతనం.”